కోడిపిల్లలకు పంక్తిభేదం

మీసం మొలుస్తున్న ఆ రోజుల్లో, నోటికి కూడా ఒక తాళం ఉంటే బాగుంటుందని నాకు తోచలేదు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టేసి, కళ్యాణదుర్గం దగ్గర మా పెద్దమ్మ కోళ్ల షెడ్డులో పనికి చేరాను. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడాది ఆమె ఉన్నదంతా పెట్టి వేసుకున్న షెడ్డు అది. కోడిపిల్లల్ని దింపిన వారానికే తెల్లగా విరేచనాలు పారుకుని గంపలకొద్దీ చచ్చిపోయేవి. అప్పుడొచ్చింది డాక్టరమ్మ. పామిడి ఊరి అమ్మాయి, పశువైద్యంలో పెద్ద చదువు చదువుతోంది. ఇదంతా సాల్మొనెల్లా అనే క్రిమి పని అనీ, ఆరోగ్యమైన కోళ్ల పేగుల్లోని మంచి క్రిముల్ని పెంచి తెచ్చాననీ, పిల్లలకు మొదటిరోజే తాగిస్తే ఆ రోగానికి లోపల జాగా దొరకదనీ వివరించింది.

"అంటే బస్సు కిటికీలోనించి తువ్వాలేసి సీటు పట్టినట్టు గదా మేడం?" అన్నాను.

"బలే చెప్పినావే! యాడిదాకా చదివినావు?"

"ఎనిమిది. అంతా వచ్చేసిందని ఆపేసినా. మీకింకా రాలేదా?"

కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది పాపం.

షెడ్డు మధ్యలో అడ్డంగా తీగల జాలీ కట్టాం. ఇటువైపు పిల్లలకు మందు కలిపిన నీళ్లు, అటువైపు వాటికి ఉత్త నీళ్లు. రెండింటికీ తేడా కనిపిస్తేనే తన చదువు గట్టెక్కుతుందనీ, మళ్లీ చేసి చూడటానికి గడువు లేదనీ ముందే చెప్పింది. తను పిల్లల్ని తూకం వేస్తుంటే, నీళ్లు పోసే పని పెద్దమ్మ తీసుకుంది. (ఆ షెడ్డులో ఆ హక్కు ఇంకెవరికీ లేదు.)

కొన్ని వారాలకు చూస్తే రెండు వైపులా పిల్లలు మిడతల్లా ఎగురుతున్నాయి. రెట్టలు పరీక్షకు పంపితే ఎటూ రోగం లేదు. డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. "తేడానే లేదు. మందు పనిచేసిందో, ఈసారి రోగమే రాలేదో, ఎట్ల చెప్పేది?"

పెద్దమ్మకు రోషం వచ్చింది. "పనిచేయకుండా యాడికి పోతాదమ్మా? రెండు పక్కలా మందు సమానంగా పోసినా గదా!"

"అటుపక్క ఎందుకు పోసినావు పెద్దమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఒకే పంక్తిలో కూచోబెట్టి వీళ్లకు నెయ్యి, వాళ్లకు నీళ్లా? పంక్తిభేదం పాపం నాకొద్దు తల్లీ. ఒక్కటీ చావలేదు గదా, ఏడుస్తాండావెందుకు?"

(మా ఇంట్లో పెళ్లికి ఎమ్మెల్యే వచ్చినా, గొర్రెలు కాసేవాడి విస్తట్లో పడిన లడ్డే ఆయనకూ పడుతుంది. ఈ పద్ధతి కోళ్లకు వర్తించదని ఆమెకు ఎవరు చెప్పాలి?)

డాక్టరమ్మ ఊరికి బయల్దేరిన రోజు బస్టాండులో కిక్కిరిసిన జనం. నాకు చేతనైంది ఒక్కటే. పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాలు విసిరి ఆమెకు సీటు పట్టాను. కూర్చున్నాక ఆ తువ్వాలు మడిచి నా చేతికిస్తూ, "నాకూ అంతా వచ్చేసిందిలే అప్పా. ఆపేస్తాండా" అంది. తువ్వాలు భుజానేసుకుని పక్కకు జరిగాను. బస్సు కదిలిపోయింది.

ఇప్పుడు షెడ్డు నాది. అలాంటి మందే అంగట్లో పొట్లాల్లో దొరుకుతోంది. తెచ్చి, పెద్దమ్మ పద్ధతిలో అన్నిటికీ సమానంగా పోస్తాను. (కొన్నిటికి ఉత్త నీళ్లు పోసి చూసే ధైర్యం నాకూ లేదు.) "నిజంగా పనిచేస్తాదా అన్నా?" అని పక్క షెడ్డువాళ్లు అడిగితే నవ్వి, ఇంకో పొట్లం విప్పుతాను. ఎనిమిదో తరగతికే అంతా వచ్చేసిన మొనగాడికి, ఈ జవాబొక్కటీ ఇంతవరకూ రాలేదు.