సార్ జేబులోకి పోయిన నా సూత్రం

మా చిన్నప్పుడు... బోయిగూడలో డాబా మీద రేకుల గది, కింద ఈతచాపలు, ఎదురుగా ముక్కాలిపీట మీద మా లెక్కల ట్యూషన్ సార్ కూర్చునేవాడు. 'గారు' అని రాయబుద్ధి కావడం లేదు. ఏమైనా అనుకోండి.

అప్పుడు తొమ్మిదో తరగతి. లంబకోణ త్రిభుజాలు చెబుతున్నాడు. 3-4-5, 5-12-13, 8-15-17... భుజాలన్నీ పూర్ణసంఖ్యలే. నాకేమో కర్ణాల పిచ్చి పట్టింది. పాత క్యాలెండర్ కాగితాల వెనక రెండు వారాలు లెక్కలు వేశాను. 5, 13, 17, 25, 29... దేన్ని నాలుగుతో భాగించినా శేషం 1 వస్తోంది.

ఒక్కటే షరతు... 6-8-10 లాంటివి లెక్కలోకి రావు. అది 3-4-5ని రెట్టింపు చేసిందే కదా. అలా మూడు భుజాలనూ భాగించే సంఖ్య, ఒకటి తప్ప, ఉండకూడదు.

అన్నం సగంలో వదిలేసి ట్యూషన్‌కి పరిగెత్తాను. ఆ తొందరలో షరతు రాసిన ఆఖరి కాగితం గూట్లోనే మర్చిపోయాను.

"ఏందే గిది? గైడ్ల ఉన్నదా?" అన్నాడు సార్.

"లేదు సార్... నేనే కనుక్కున్న."

"నువ్వు కనుక్కున్నవా? జెర చూడున్రి, సైంటిస్టు వచ్చింది."

గదంతా నవ్వింది. నా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఇవ్వలేదు.

మరుసటి ఏడాది మా తమ్ముడు అదే ట్యూషన్‌లో చేరి ఒక అచ్చు కాగితం తెచ్చాడు. 'సార్ స్పెషల్ సూత్రం: కర్ణాన్ని నాలుగుతో భాగిస్తే శేషం ఎప్పుడూ ఒకటే.' నాదే... షరతు మాత్రం లేదు. ఎలా ఉంటుంది, అది మా గూట్లో ఉంటే?

పరీక్షలో కర్ణం 15 కాగలదా అని అడిగారు. వాడు సూత్రం నమ్మి కాదని రాశాడు. 9-12-15 దెబ్బకు మార్కులు పోయాయి. "సార్ సుత తప్పు చెప్తడా అక్కా?" అని ఏడ్చాడు. ఆ ఏడుపు నేను మర్చిపోలేదు. మర్చిపోను.

"పెద్దోళ్లతోని మనకెందుకే, ఊకో" అంది అమ్మ. ఊరుకున్నాను.

నిన్న ఆఫీసుకు మెట్రోలో వెళ్తుంటే పాత బ్యాచ్ గ్రూపులో ఆహ్వానం వచ్చింది. సార్‌కి సన్మానమట. ఫొటో కింద బంగారు అక్షరాల్లో అదే సూత్రం, అదే తప్పుతో. ఇన్నేళ్లలో ఒక్కరూ 15ని నాలుగుతో భాగించి చూడలేదు.

నేనూ వెళ్తున్నాను... పసుపెక్కిన ఆ ఆఖరి కాగితం పట్టుకుని. మైకులో చదువుతాను. అప్పట్లో సార్ అంటే నోరెత్తేవాళ్లం కాదు. ఆ రోజులు పోయాయి, పోవడమే మంచిది.

మీ కాగితాలు ఎవరి జేబుల్లో ఉండిపోయాయో కింద రాయండి. "గురువుగారు కదా, పోనీలే" అనేవాళ్లు మాత్రం ముందు నా తమ్ముడి మార్కులు తెచ్చివ్వండి.