ఇద్దరికే తెలిసిన భాష

ఆమె ఒకప్పుడు బస్సు కండక్టరు. పొద్దున్నే గొంతు విప్పితే మళ్ళీ డిపోకు చేరేదాకా మూతపడేది కాదు. చిల్లర లేదంటే కసురుకునేవాళ్ళు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు, దిగాల్సిన చోటు దాటిపోయాక లేచి గగ్గోలు పెట్టే ముసలమ్మలు, వీళ్ళందరితో రోజంతా మాటలే మాటలు. ఇంటికొచ్చాక కాసేపు ఎవరూ పలకరించకపోతే చాలు దేవుడా అనుకునేది. ఆ కోరిక ఇంతలా తీరుతుందని కలలో కూడా అనుకోలేదు.

కవలలు పుట్టారు. వాడు బొద్దోడు, అది పిచ్చుక. అసలు పేర్లు టీకాల కార్డు మీద ఉన్నాయి గానీ ఇంట్లో ఎవరూ వాడరు. ఇంట్లో అంటే ఎవరని? భర్త ఎక్కడో ఓడరేవులో క్రేను నడుపుతాడు. సెలవు దొరికితే వస్తాడు, పిల్లలకు మొహం అలవాటయ్యేసరికి బ్యాగు సర్దుకుంటాడు. ఆమె తల్లి వచ్చి కొన్నాళ్ళుంది. మూడో అంతస్తు మెట్లకు మోకాళ్ళు మొరాయించడంతో ఆవిడా వెళ్ళిపోయింది.

ఒకడికి అన్నం పెడుతుంటే రెండోది బకెట్లో చెప్పులు నానబెట్టేది. దాన్ని ఎత్తుకొచ్చేలోపు వీడు కంచం బోర్లించేవాడు. స్నానానికి వెళ్తే తలుపు ఓరగా తీసే ఉంచాలి. తను నాలుగు మెతుకులు తినేది నిలబడే. చేతులకు ఇంత పని ఉన్నా నోటికి మాత్రం లేదు. "వద్దు", "దిగు", "నోట్లోంచి తియ్యి" అంటే ఆ రోజుకు మాటలైపోయినట్టే.

పిల్లలకు మాటలు రాలేదా అంటే, వచ్చాయి. ఎటొచ్చీ అవి వాళ్ళిద్దరికే. నీళ్ళు "బుబ్బ". తాళాలు "జింజీ". ఇటిచ్చెయ్ అనడానికి "దద్దా". పొద్దున కళ్ళు తెరిచింది మొదలు ఎదురెదురుగా కూర్చుని ఏదో చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్ళు. ఆమె దగ్గరికి వెళ్తే ఆపేసి, పెద్దమనుషుల్లా మొహాలు పెట్టి చూసేవాళ్ళు. టీకాలు వేసే ఆవిడ ముందే హెచ్చరించింది. "ఆ వంకర మాటలు మీరు కూడా పలికారంటే అసలు మాటలు ఆలస్యమవుతాయి." అందుకని ఆమె ఒక్కసారీ పలకలేదు. వింటూ కూర్చునేది, అంతే.

కింది వాటాలో ఒక నర్సు ఉండేది. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. పైన బొద్దోడు గెంతినప్పుడల్లా కింద నుంచి చీపురు కర్రతో కప్పు మీద టకటకమని కొట్టేది. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ చెరోవైపు చూసుకుంటూ తప్పుకునేవాళ్ళు.

ఒక రోజు పొయ్యి మీద సన్న సెగన పాలు పెట్టి, తడి బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్ళింది. వెనక తలుపు ధడాలున మూసుకుంది. ఆ వెంటనే కింది గడియ పడిన చప్పుడైంది. కిటికీ ఊచల్లోంచి చూస్తే, బొద్దోడు గడియ మీదికి పొట్టతో ఒరిగి, ఘనకార్యం చేసినవాడిలా చప్పట్లు కొడుతున్నాడు.

"నా బంగారం కదూ, గడియ తియ్యి నాన్నా."

వాడు లాగాడు. గడియ రాలేదు. మళ్ళీ లాగి, విసుగొచ్చి, చెల్లెలి దగ్గరికి పోయాడు. ఇద్దరూ బొమ్మల బుట్ట బోర్లించుకుని ఆటలో పడ్డారు. అమ్మ ఇవతల ఉందన్న ధ్యాసే లేదు. పిచ్చుక జారిపడి ఏడుపు లంకించుకుంటే ఆమె చేయి ఊచల మధ్య నుంచి దానంతటదే ముందుకు సాగింది. ఈలోపే వాడు వెళ్ళి చెల్లెలి తల నిమిరి ఏదో చెప్పాడు. ఏడుపు ఆగిపోయింది. ఆమె చేయి వెనక్కి తీసుకుంది. నేను లేకపోయినా వీళ్ళకు గడిచిపోతుంది అనిపించింది ఆ క్షణాన.

పాలు పొంగి చుయ్యిమన్నాయి. మాడు వాసన, దాని వెనకే గ్యాసు వాసన.

అప్పుడు అరిచింది, నిండు బస్సులో చివరి సీటుకు వినిపించేలా.

"కిందావిడా! ఏవండీ! ఒక్కసారి బయటికి రండీ!"

నర్సు రేగిన జుట్టుతో తన బాల్కనీలోకి వచ్చి తలెత్తింది. "ఏంటమ్మా, కొంపలంటుకున్నట్టు ఆ అరుపులు?"

"అంటుకునేలానే ఉందండీ! పిల్లలు లోపలున్నారు, నన్ను బయట పెట్టి గడియేశారు. పొయ్యారిపోయి గ్యాసు వస్తోంది!"

నర్సు మొహంలోంచి నిద్ర ఎగిరిపోయింది. "బయటి తలుపు?"

"దానంతటదే తాళం పడే తలుపు. తాళాలు లోపలే ఉన్నాయి."

అవి బొమ్మల మధ్యలో కనిపిస్తూనే ఉన్నాయి. "తాళాలు తేమ్మా, అదిగో, తాళాలు" అని బతిమాలింది. పిచ్చుక తలైనా తిప్పలేదు. ఆమె నాలుక తడుపుకుంది.

"జింజీ" అంది. "జింజీ దద్దా."

పిచ్చుక ఉలిక్కిపడి చూసింది. బొద్దోడు కూడా. పరాయి మనిషెవరో తమ ఇంటి గుట్టు బయటపెట్టినట్టు ఇద్దరూ నోళ్ళు తెరిచారు. తర్వాత పిచ్చుక తాళాల గుత్తి పట్టుకుని తప్పటడుగులతో వచ్చి, ఊచల్లోంచి ఆమె చేతిలో పెట్టింది.

నర్సు కప్పుకునే దుప్పటిని బాల్కనీ బయటికి చాపి పట్టుకుంది. ఆమె పైనుంచి వదిలిన గుత్తి అందులో పడింది. ఆవిడ చెప్పుల్లేకుండానే పైకి పరిగెత్తి, తలుపు తీసి, ముందు పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, పిల్లలను చెరో చంకన వేసుకుని వచ్చి బాల్కనీ గడియ తీసింది.

ఆమె గుమ్మంలోనే చతికిలబడి పిల్లలను గట్టిగా పట్టుకుంది. వాళ్ళు గింజుకుని మళ్ళీ బుట్ట దగ్గరికి పరిగెత్తారు.

"మీరేమైనా తిన్నారా?" అంది నర్సు.

ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న. పిల్లలు తిన్నారా అని అడిగేవాళ్ళే గానీ. ఆమె తల అడ్డంగా ఊపింది. నర్సు మాడిన గిన్నె నీళ్ళలో నానేసి, పాలు లేని టీ పెట్టి ఇచ్చింది.

సాయంత్రం భర్త ఫోను చేశాడు. "ఏం చేస్తున్నారు మనవాళ్ళు?"

"ఇవాళ ఏమైందంటే..." అని మొదలుపెట్టింది. అవతల ఎవరో కేకేశారు. "షిఫ్టు పిలుస్తున్నారు, రేపు చెబుదువులే" అని పెట్టేశాడు. మర్నాడు అడిగాడు కూడా. చెప్పాలనిపించలేదు. "ఏం లేదు, పాలు మాడాయి" అంది.

తర్వాత ఇంకోసారి "దద్దా" అని చూసింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే గానీ పలకలేదు.

ఆ నెల నుంచి నర్సు సెలవు రోజున పైకి రావడం మొదలుపెట్టింది. కబుర్లు చెప్పే మనిషి కాదు. కాసేపు కూర్చుని, కుర్చీలోనే కునుకు తీసేది. పిల్లలు ఆవిడ కాళ్ళ మధ్య నుంచి ఎంత గోల చేసుకుంటూ పాకినా కదిలేది కాదు. ఆమె పక్కన కూర్చుని చిన్న చిన్న గౌన్లు, చొక్కాలు మడతపెడుతూ, ఇంట్లో మరో పెద్ద మనిషి ఊపిరి తీసే చప్పుడు వింటూ ఉండేది. ఎండ వాలాక నర్సు లేచి, కళ్ళు నులుముకుని, "వస్తానమ్మా" అని మెట్లు దిగేది. ఆమె తలుపు దగ్గరే నిలబడి, కింద తలుపు మూసుకున్నాక లోపలికి వచ్చేది. మళ్ళీ ఆ సెలవు రావాలంటే వారం పట్టేది.