కప్పలకు ఉప్పు మప్పిన పిల్ల

ఈ ఏడు ఆశ్వయుజంలో మొదటి పెద్దవాన పడిన సాయంత్రం, కావలిలో మా అద్దె ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని, దేనికోసమో చాలాసేపు చెవులు రిక్కించి కూర్చుని, నేను ఎదురు చూస్తున్నది కప్పల అరుపు కోసమని చివరికి గ్రహించాను. వాన వెలిసింది, రోడ్డు మీద మోకాలి దాకా నీళ్లు నిలిచాయి, ఒక్క కప్పా అరవలేదు. మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, వాన వెలిసిందంటే ఇంట్లో మనిషి మాట మనిషికి వినపడేది కాదు. అల్లూరు దగ్గర ఒక పల్లె బడికి సైన్సు టీచరుగా వెళ్లిన కొత్తలో, ఆ రొదకు తల పగిలిపోతోందని నేను తిట్టిన తిట్లు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ బడికి పడమర వరి మళ్లు, తూర్పున సముద్రం వైపు అప్పుడప్పుడే తవ్వుతున్న రొయ్యల గుంటలు. పరిసరాలు మారితే జంతువులు ఏమవుతాయనే పాఠం ఆరో తరగతిలో ఉండేది. నాకా, గొంతు పెద్దది, నమ్మకం అంతకన్నా పెద్దది. ఒంటెకు మూపురం, చేపకు మొప్పలు, అన్నీ బోర్డు మీద వేసి, కాలక్రమాన జీవులు మారిన పరిసరాలకు అలవాటు పడతాయని పిల్లల చేత పాట పాడించినట్టు వల్లె వేయించేదాన్ని. ఎంత కాలం పడుతుందో, ఆ లోపల ఎన్ని చస్తాయో పుస్తకంలో లేదు, నేనూ చెప్పలేదు.

మూడో బెంచీలో ఒక రైతు కూతురు ఉండేది. వాళ్ల రెండెకరాల మడికి రెండు పక్కలా గుంటలు వచ్చి, ఉప్పు ఊట దిగి, ముందు ఏడు నాటిందంతా మాడిపోయింది. ఈసారి కార్తీకం లోగా నాటు నిలదొక్కుకోకపోతే మడిని గుంటకు ఇచ్చేస్తానని తండ్రి ఇంట్లో తేల్చి చెప్పాడు. ఆ పిల్లకు ఆ మడంటే ప్రాణం. బడి వదలగానే గట్టు మీద కూర్చుని తోకకప్పలను దోసిట్లో పట్టి వదలడమే ఆమె ఆట. గుంటల దగ్గర ఆమె మరొకటి కూడా చూసింది. హేచరీ నుంచి తెచ్చిన రొయ్యపిల్లను పనివాళ్లు ఒక్కసారిగా గుంటలో పోయరు. సంచులను నీళ్లలో తేలవేసి, గుంట నీళ్లు చెంబుతో కాస్త కాస్త కలుపుతూ, ఒంటికి పట్టనిచ్చి, అప్పుడు వదులుతారు. నా పాఠమూ వాళ్ల చెంబూ ఆ చిన్న బుర్రలో కలిశాయి. రొయ్యకు మప్పగలిగినప్పుడు కప్పకెందుకు మప్పకూడదు, కప్ప నేర్చుకుంటే వరి మాత్రం నేర్చుకోదా అనుకుంది.

మడిలోంచి తోకకప్పలను కుండలో పట్టుకొచ్చి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, రోజుకో గరిటె గుంట నీళ్లు పోస్తూ వచ్చింది. తొమ్మిదో నాడు కుండను బడికి మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. అన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. చెప్పుకుంటే సిగ్గుచేటు, నాకు ముందు వచ్చింది కోపం, బల్ల మీది పుస్తకాలు తడిసినందుకు. ఆ పిల్ల ఏడవలేదు, బెదరలేదు. తప్పెక్కడుందో చూపించమన్నట్టు నిలబడి అడిగింది.

“ఎన్ని దినాలు పోస్తే అలవాటు పడతాయి టీచర్?”

వేల ఏళ్లు పడుతుందమ్మా అన్నాను, అంతా తెలిసినదానిలా. ఆమె కుండను తన వైపు లాక్కుంది.

“మా నాయన కార్తీకం దాకానే చూస్తానన్నాడు టీచర్.”

గంట కొట్టారని వంక పెట్టి పంపేశాను. దగ్గరకు తీసుకుని, నేను చెప్పింది సగమేనని, మిగతా సగం చావేనని ఒప్పుకుని ఉండాల్సింది. టీచర్నన్న బింకం అడ్డొచ్చింది.

కార్తీకం వెళ్లింది. నాటు మళ్లీ మాడింది. పొక్లెయిన్ వచ్చి మూడు రోజుల్లో మడిని గుంట చేసింది. ఎత్తిపోసిన మన్నులో పురుగులు దొరికినన్నాళ్లు కొంగలు మూగాయి, ఆ తర్వాత అవీ రాలేదు. ఆ తండ్రిని తప్పుపట్టలేను. కడుపు మాడేవాడికి వేల ఏళ్ల లెక్క ఎవరు చెప్పగలరు? ఆ పిల్ల చదువు ఏడో తరగతితో ఆగింది. ఇప్పుడు రోజూ షేర్ ఆటోలో వెళ్లి రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీస్తోందని విన్నాను. వెళ్లి పలకరించే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ పాఠాన్ని మాత్రం రిటైరయ్యేదాకా చెబుతూనే ఉన్నాను. తోకకప్పను ఎవరు చూశారర్రా అంటే మొదట్లో క్లాసంతా చేతులెత్తేది, తర్వాత తర్వాత సగమే లేచేవి, నా చివరి ఏట ఒక్క చెయ్యీ లేవలేదు. జీవులు పరిసరాలకు అలవాటు పడతాయని పరీక్షలో అందరూ తప్పు లేకుండా రాశారు, నేను అందరికీ పూర్తి మార్కులు వేశాను. ఎన్ని దినాలని మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ పిల్లలకు పోగొట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.