‘ఎదురుగాలి’ని నెమ్మది చేయకండి

మా ఎదురింటి మావయ్య పోయారు. ఆ సంగతి నాకు ఫోనులో చెప్పింది ఆయన బ్యాండులో డ్రమ్స్ వాయించే భాయ్. “చెల్లెమ్మా, మాస్టారు ఇంక లేరు” అని, “కంగారుపడి పరుగెత్తకు, నిదానంగా రా” అన్నాడు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి. సోమవారం కాలేజీకి వెళ్ళాలి, బండిలో పెట్రోలు కొట్టించి ఉంచమని చెప్పి మరీ వెళ్ళిన మనిషి. నేను గుడివాడలో బస్సెక్కి బందరు చేరేసరికి మా వీధిలో కుర్చీలు వేసేశారు.

ఆయన నాకు చుట్టం కాదు. మా వీధి పిల్లలందరికీ మావయ్యే. గుడివాడలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవారు. సాయంత్రాలు డాబా మీది గదిలో ముగ్గురు స్నేహితులతో ఇంకో రకం గిటారు వాయించేవారు. వాళ్ళ బ్యాండు పేరు ‘బురద’. వాళ్ళు వాయించేదాన్ని స్టోనర్ రాక్ అంటారు. తీగల్ని వదులు చేసి, గిటారుకి లావుపాటి గొంతు తెప్పించి, ఒకే వరసని బరువుగా మళ్ళీ మళ్ళీ తిప్పే సంగీతం అది. స్టోనర్ అంటే మత్తులో తూగేవాడట, ఆ పేరులో గంజాయి వాసన ఉందని ఎవరో పాస్టరు గారి చెవిన వేశారు. ఆయన మొహమాటపడుతూ అడిగితే మావయ్య ఫ్లాస్కు మూత తీసి ముక్కు దగ్గర పెట్టారు. “అల్లం టీ అండీ. మా దగ్గరున్న మత్తు ఇదొక్కటే.”

ఆ టీ గ్లాసుని ఎప్పుడూ గిటారు స్పీకరు పెట్టె మీదే పెట్టేవారు. వాయిస్తుంటే టీ మీద సన్నటి వలయాలు లేచేవి. ఆ పెట్టె మీద గ్లాసు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అత్తయ్య ఎంత తుడిచినా పోలేదు.

ఒకసారి వాళ్ళ పాట విని “బాగుంది మావయ్యా” అన్నాను.

“బాగుంది అనకమ్మాయ్. ఎలా ఉందో చెప్పు.”

చాలాసేపు ఆలోచించి, “తడిసిన గోనెసంచిని రేవులో ఈడ్చుకెళ్తున్నట్టుంది” అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. “చూశావా, ఇప్పుడు నువ్వు విన్నట్టు” అన్నారు. నాకు మాటల మీద ఇష్టం మొదలైంది ఆ సాయంత్రమే. ఇప్పుడు ఇలా కోపంగా రాయగలుగుతున్నానంటే అదీ ఆయన చలవే.

వాళ్ళ మొదటి ఆల్బమ్ ‘రేగడి’ చాలా నెమ్మదిగా ఉంటుంది. నెట్‌లో అది విన్న కొద్దిమందికీ తెగ నచ్చింది. “ఈ నిదానంలో డెల్టా ఆత్మ ఉంది” అని ఒకాయన రాశాడు. శ్రోతల అభిప్రాయాలు పైకి చదవడం మావయ్యకి సరదా. వార్తలు చదివేవాళ్ళలా గొంతు పెట్టి అది చదివితే, భాయ్ తల గోక్కున్నాడు.

“ఆత్మ కాదు మాస్టారూ, నా మణికట్టు.”

అసలు సంగతి అదే. భాయ్ పగలంతా రోల్డ్ గోల్డ్ గాజులకి మెరుగు పెట్టే పనిలో ఉంటాడు. డ్రమ్స్ అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. అంతకంటే వేగంగా వాయిస్తే తాళం తప్పేవాడు. కాబట్టి ‘రేగడి’ నెమ్మదిగా ఉంది. జనం దానికి వేదాంతం చెప్పారు.

తర్వాత రెండేళ్ళు వాళ్ళు వేగం నేర్చుకున్నారు. మావయ్య రోజూ గుడివాడ నుంచి బండి మీద వస్తుంటే మొహానికి కొట్టే గాలి ఆయనకి ఇష్టం. దాన్ని పాటగా చెయ్యాలనుకున్నారు. కిటికీలకి పాత పరుపులు అడ్డం పెట్టినా మాకు అంతా వినపడేది. పాట ఊపందుకునేది, ఊపందుకునేది, ఒక మలుపు దగ్గర కుప్పకూలేది. రోజూ అదే మలుపు. మా అమ్మకి గిటారుకీ వీణకీ తేడా తెలియదు. ఆవిడ కూడా కూర కలుపుతూ, “ఇవాళా అక్కడే పడ్డారు” అనేది. భాయ్ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని మెట్లు దిగేవాడు. “రేపు” అనేవారు మావయ్య, అంతే.

ఒకరోజు పాట ఆ మలుపు దాటింది. అమ్మ గరిటె పట్టుకునే వీధిలోకి వచ్చి నిలబడింది. పాట ఆఖర్న మావయ్య కేక: “వచ్చేసింది భాయ్, వచ్చేసింది.” ఆ రోజు రికార్డు చేస్తున్నారు కాబట్టి కేక కూడా అందులో పడింది. తీసేద్దామంటే మావయ్య ఒప్పుకోలేదు.

‘ఎదురుగాలి’ అలా పుట్టింది. రేగడి కంటే బరువైనది, వేగమైనది. శ్రోతలు ఏమన్నారో చెప్తాను. “ఏంటి సార్ తొందర, బస్సు వెళ్ళిపోతోందా?” “గోతుల రోడ్డు మీద షేరాటో ఎక్కినట్టుంది.” “పాత బురదే ముద్దు.” నాకు ఒళ్ళు మండిపోయేది. మావయ్య మాత్రం షేరాటో మాట దగ్గర ఆగి, “వీడు ఎలా ఉందో చెప్పాడమ్మాయ్, నీలాగే” అన్నారు. హంసలదీవి వైపు చేపల వేటకెళ్ళే ఒకతను రాసింది మాత్రం ఆయన కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు: “మీ పాత పాటలు బోటు ఇంజను చప్పుడులో వినపడేవి కాదు. ఇవి వినపడుతున్నాయి.”

నచ్చలేదనడం శ్రోతల హక్కని మావయ్య అనేవారు. ఒప్పుకుంటాను. కానీ ఆయన పోయాక జరిగింది హక్కు కాదు.

మట్టి ఆరకముందే ఒక వీరాభిమాని ‘ఎదురుగాలి’ మొత్తాన్ని కంప్యూటరులో నెమ్మది చేసి నెట్‌లో పెట్టాడు. నివాళి అట. “ఇప్పుడు ఉండాల్సినట్టు ఉంది” అని కింద ఒకరు. “ఆయనకి ముందే తెలుసు, అందుకే అంత తొందర” అని ఇంకొకరు. నెమ్మది చేసేసరికి ఆఖరి కేక సాగిపోయి మూలుగులా అయింది. దాని కింద “చావు పిలుపు ఇక్కడ వినండి” అని రాసి, ఏడుపు బొమ్మలు వరసగా పెట్టారు. అది ఆయన జీవితంలోకెల్లా ఆనందంగా అరిచిన అరుపండీ. మా అమ్మ సాక్షి, చేతిలోని గరిటె సాక్షి. బతికున్నప్పుడు తొందరెందుకని వెక్కిరించిన వాళ్ళే ఇప్పుడు ఆ తొందరకి అర్థం చెప్తున్నారు. రేగడికీ ఇలాగే చెప్పారు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

అంతటితో ఆగలేదు. గుడివాడలో సంతాప సభ పెడతామని, అందులో ఆ నెమ్మది పాటలే వేస్తామని, బ్యాండు పేజీలో కూడా అసలువి తీసేసి ఇవే పెట్టడానికి అనుమతి ఇవ్వమని అభిమానులు భాయ్‌కి కబురు పంపారు. భాయ్ దాన్ని అత్తయ్య దగ్గరికి తెచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

“పోనీలే భాయ్” అంది అత్తయ్య. “ఉన్నప్పుడు విననివాళ్ళు ఇప్పుడైనా వింటున్నారు. కాస్త నెమ్మదిగా వింటే ఏం పోయింది?”

“రెండేళ్ళు పోయాయి అత్తయ్యా” అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. “భాయ్, నువ్వు చెప్పవేం?”

భాయ్ చేతులు చూసుకున్నాడు. “నా చేతుల గురించి నేనే ఏం చెప్పుకోను చెల్లెమ్మా? అక్కా, ఒకసారి మీరు వినండి. తర్వాత మీ ఇష్టం.”

ముగ్గురం డాబా మీది గదికి వెళ్ళాం. అత్తయ్య ట్రేలో టీ తెచ్చింది. ఒక గ్లాసు భాయ్‌కి, ఒకటి నాకు. మూడోది ఎప్పటిలా స్పీకరు పెట్టె మీద పెట్టేసి, ఎందుకు పెట్టిందో తర్వాత తెలిసినట్టు చూసింది. తియ్యలేదు. భాయ్ ఆ పెట్టెకి ఫోను తగిలించి నెమ్మది పాట పెట్టాడు. అత్తయ్య తల వంచుకుని చివరిదాకా విన్నది. కేక వచ్చింది.

“ఎవరిదా గొంతు?”

“మాస్టారిదే అక్కా.”

“కాదు” అంది అత్తయ్య. “జ్వరంలో కూడా ఆయన ఇలా మాట్లాడలేదు. సభ పెట్టుకోమను, నేనొస్తాను. పాటల జోలికి మాత్రం వద్దను. ఇప్పుడు అసలుది పెట్టు.”

‘ఎదురుగాలి’ మొదలైంది. గది కిటికీలు గడగడలాడాయి. ఎదురింట్లో మా అమ్మ పొయ్యి దగ్గర ఉండే వేళ అది. ఆ మలుపు వస్తుందని వీధి మొత్తానికీ తెలుసు. రేగడి రోజుల్లో గ్లాసులో టీ వణికేది అంతే. ఈ పాటకి గ్లాసే కదులుతుంది. పాత మచ్చల మీదుగా కొంచెం కొంచెంగా పెట్టె అంచు వైపు జరుగుతోంది. మావయ్య గిటారు వదలలేరు కాబట్టి, ఇలాంటప్పుడు గ్లాసు పట్టుకోవడం అత్తయ్య పని. ఆవిడ దగ్గరికి వెళ్ళింది. గ్లాసుని పట్టుకోలేదు. అంచు కింద దోసిలి పట్టి, అది దానంతటదే జారి వచ్చేదాకా నిలబడింది.