నలుగు పెట్టని గుర్రం

ఒంగోలు గిత్తల్ని బండలాగుడు పందేలకు తోలుకుపోవడం మా ఇంట్లో నాన్న కాలం నుంచీ ఉంది. పందెం రోజు పొద్దున్నే వాటి ఒంటికి కొబ్బరి నూనె పట్టించి మెరిసేలా చేస్తాం. నాకు తెలిసిన ముస్తాబంటే అదొక్కటే. అందుకే సర్పంచిగా గెలిచాక, ఊరేగింపుకు గుర్రాన్ని తయారు చేయడానికి కూడా గిన్నెడు నూనె దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

గుర్రం నాదే. కోటప్పకొండ తిరునాళ్లలో ఎవరో ఎక్కి తిరుగుతుంటే చూసి, మనసాగక కొన్నాను. మోటార్ సైకిల్ ఉండగా ఇదెందుకని అడిగినవాళ్లందరికీ నా ఇష్టం అని చెప్పాను. నాకొచ్చిన పేచీ అల్లా జీను కింద వేసే మెత్తతోనే. నాలుగడుగులు పోయేసరికి వెనక్కి జారేది. పొట్ట పట్టీ మరీ బిగిస్తే గుర్రం చెవులు వెనక్కి పెట్టి కరవబోయేది. ఫోన్లో వీడియోలు చూసి కొంత నేర్చుకున్నాను. వీపు శుభ్రంగా, పొడిగా తుడవాలి. మెత్తను కాస్త ముందుకు వేసి, వెంట్రుకల వాలున వెనక్కి లాగాలి. జీను వేశాక, మెడ మొదట్లో మెత్తను పైకెత్తి జీను కిందున్న ఖాళీలోకి తోయాలి. ఇవన్నీ చేస్తే చేను దాకా సుఖంగా పోయి వచ్చేవాణ్ణి. ఇంత తెలిసినవాణ్ణి, ఫొటోల్లో మెరవాలన్న యావలో ఆ రోజు వీపంతా నూనె పూసి, దాని మీదే మెత్త పరిచాను.

ఊరేగింపు బజారు మీదుగా పోతే సరిపోయేది. నేనే పడమటి వీధిలోకి తిప్పించాను. నా మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషి మా మేనత్త కొడుకు. వాళ్లిల్లు ఆ వీధిలోనే. ఎద్దుల తోకలు పట్టుకునేవాడికి పంచాయతీ ఎందుకని బావ అన్నట్టు ఎవరో నా చెవిన వేశారు. నిజంగా అన్నాడో లేదో నేను కనుక్కోలేదు. వాళ్ల గుమ్మం ముందు ఊరేగింపు నిలిపి, బావ తల దించుకుని లోపలికి పోయేదాకా డప్పులు కొట్టించాలని నా పంతం. ఎంత సిగ్గుమాలిన పంతమో! ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

బావ అరుగు మీద అత్త పక్కన కూర్చుని ఉన్నాడు. డప్పులు ఎంత మోగినా లేవలేదు, తల దించలేదు. సరే చూద్దామని, మీసం మీద చెయ్యి వేయడానికి కళ్లెం ఒంటి చేతికి మార్చుకున్నాను. అప్పుడే మావాళ్లు టపాకాయ పేల్చారు. గుర్రం బెదిరి పక్కకు దూకింది. మెత్త, జీను, నేను ముగ్గురం కలిసి దాని పొట్ట కిందికి తిరిగాం. మురుక్కాలవ గట్టున పడ్డాను. మెడలో బంతిపూల దండ నోటికి అడ్డం వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు, ముందుగా నవ్వింది నా వెనక వచ్చినవాళ్లే.

అందరికంటే ముందు నా దగ్గరకు వచ్చింది అత్త.

"దెబ్బేమన్నా తగిలిందా అయ్యా?" అంటూ మోకాలు పట్టి చూసింది. నేను లేచేలోపు బావ గుర్రాన్ని పట్టుకుని, నిమిరి, వేలాడుతున్న జీను విప్పేశాడు. అత్త దాని వీపు మీద చెయ్యి వేసి, వేళ్లు వాసన చూసుకుంది.

"ఇదేంది రా, కొబ్బరి నూనె!"

"మెరవాలని పెట్టాను అత్తా."

"నూనంటినోడివి నలుగు పెట్టొద్దంట్రా? చిన్నప్పుడు మీ అమ్మ మంచాన పడితే నీకు నీళ్లు పోసింది నేనే గదా. నలుగు పెట్టిందాకా నువ్వు నా చేతికి దొరికావా ఏనాడన్నా? చేపలాగా జారి బజార్న పడేవాడివి, మొలతాడు తప్ప ఏం లేకుండా."

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వులో ఎగతాళి లేదు, అందుకే మరీ తలెత్తలేకపోయాను. ఆవిడ కొడుకు పరువు తీయడానికి ఆవిడ గుమ్మంలోకే వచ్చాను. ఆవిడేమో నా చిన్ననాటి ఒళ్లు గుర్తు చేసుకుంటోంది.

అత్త లోపలికి పోయి బేసినలో శనగపిండి తెచ్చి, గుర్రం వీపంతా చల్లి రెండు చేతులా రుద్దింది. పిండి నూనె తాగి ఉండలుగా రాలింది. బావ పొడిగుడ్డతో తుడిచాడు. ఆవిడ తను కప్పుకునే నూలు దుప్పటి మడతపెట్టి ఇస్తే, దాన్ని వేసి, పైన మెత్త, జీను వేశాడు. నేను దండతో అలాగే నిలబడ్డాను.

"వద్దులే అత్తా, నడిచిపోతాను."

"నడిచిపోయేదేంది? మావాడు చూడాలనే గదా ఇటు తిప్పుకొచ్చావు. ఎక్కు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"ఎక్కు బావా," అని బావ చేయూత ఇచ్చాడు. తర్వాత డప్పులవాళ్ల వైపు తిరిగి, "ఏంది అట్టా చూస్తారు? మా బావ గెలిచాడు, కొట్టండి," అన్నాడు.

అంతటితో పోనిస్తాడనుకున్నాను. కళ్లెం వదల్లేదు. గుర్రం మళ్లీ బెదురుతుందేమోనని తనే ముందు నడుస్తూ పడమటి వీధి చివరి దాకా, బజారంతా, మా ఇంటి దాకా పట్టుకుని నడిపించాడు. జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చూసింది బావనే. నేను పైన దండతో బిగుసుకుని కూర్చుని, మళ్లీ ఒక్కసారి జారితే దిగి ఏ సందులోకన్నా పోదామని అటూ ఇటూ కదిలాను. జీను అంగుళం కూడా జరగలేదు.