చైర్మన్ గారి చేబదుళ్ళు

యూనివర్సిటీలో చదివే రోజుల్లో నాకున్న జుట్టు ఇప్పుడు లేదు, నడుము లేదు, జ్ఞాపకశక్తి సగం లేదు. ఒక మనిషి మీద అప్పుడు పుట్టిన కుళ్ళు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఆ మనిషి మా జిల్లా పరిషత్తు చైర్మన్‌గా చేశాడు. అంతకు ముందు పంచాయతీ సమితి ప్రెసిడెంటు, ఇంకా ముందు వాళ్ళ ఊరి సర్పంచి. మధ్యలో ఒకసారి చిత్తుగా ఓడిపోయాడు. (ఆ వార్త పేపర్లో చూసిన రోజు మా ఇంట్లో పాయసం వండించాను. ఏం పండగని మా ఆవిడ అడిగితే, ఊరికే తినబుద్ధయిందన్నాను.) ఆ తీపి నోట్లో ఎంతోకాలం నిలవలేదు. ఓడిపోయిన పెద్దమనిషి ఇంట్లో కూర్చుని ఏడవకుండా గడపగడపకూ తిరిగి, "నేనేడ తప్పు చేసిన్నో జర మీరే చెప్పుండ్రి" అని అడిగాడట. చెప్పినవాళ్ళంతా మరుసటిసారి ఓటేశారు. ఆయన రాజకీయ జీవితం సర్పంచి పదవితో మొదలైందని పేపర్లవాళ్ళు రాస్తుంటారు. శుద్ధ తప్పు. అది అరవైల చివర్లో, మా హాస్టల్లో, నా మంచానికి ఎదురుగా ఉన్న మంచం మీద మొదలైంది.

మా ఇద్దరిదీ ఒకే సమితి, పక్కపక్క ఊళ్ళు. అందుకే ఒక గదిలో పడ్డాం. హాస్టల్లో అందరూ అతన్ని 'జరన్న' అనేవాళ్ళు. నోరు తెరిస్తే 'జర', అంటే కాస్త, అనే మాట రావాల్సిందే మరి. "అన్నా, జర సబ్బియ్యవా." "భై, వానొచ్చెటట్టున్నది, జర నీ ఛత్రి ఇస్తవా, సీతాఫల్‌మండి దాంక పోయొస్త." అలాగని లేనివాడా అంటే కాదు. పెట్టెలో కొత్త సబ్బు కాగితం కూడా విప్పకుండా ఉండేది. అయినా తెల్లారేసరికి తువ్వాలు భుజాన వేసుకుని ఎవరి గదికో బయల్దేరేవాడు. సబ్బుతోపాటు ఆ సబ్బిచ్చినవాళ్ళ ఊరి సంగతులు, చెల్లెలి పెళ్ళి సంగతులు కూడా తెచ్చుకునేవాడు. నేను ఆ బాపతు కాదు. ఒకరి దగ్గర చెయ్యి చాచడమంటే నాకు చిన్నతనం. రాజనీతి శాస్త్రం చదివేవాణ్ణి, ఆత్మగౌరవం గురించి పరీక్షలో మూడు పేజీలు రాసినవాణ్ణి, సూది కావాలన్నా తార్నాక దాకా నడిచి వెళ్ళి కొనుక్కునేవాణ్ణి. ఇలాంటి అడుక్కునేవాడితో ఒక గదిలో ఉండాల్సి వచ్చిందే అని తెగ బాధపడిపోయేవాణ్ణి.

ఆ ఏడు మెస్ సెక్రెటరీ ఎన్నికలొచ్చాయి. హాస్టల్లో పప్పు పలచనా చిక్కనా, ఆదివారం కోడి కూర ఉందా లేదా అని తేల్చే పదవి అది. నాకు ఆ పదవి కావాలి. కూర కోసం కాదు, మా నాయన కోసం. సమితి జీపు ఊళ్ళోకి వస్తే చాలు, మా నాయన చేలోంచి పరుగున వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆయన దృష్టిలో కుర్చీలో కూర్చున్నవాడే మనిషి. కళ్ళు చూపించుకోవడానికి పట్నం వస్తున్నానని కబురు పంపితే, నేను తొందరపడి, నువ్వొచ్చేసరికి నేను సెక్రెటరీనై ఉంటానని జవాబు పంపించాను. ఊరంతా చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. ఇంక గెలవక తప్పదు. నామినేషన్ వేసి గదికొస్తే, జరన్న నా అద్దంలో చూసుకుంటూ నా దువ్వెనతో తల దువ్వుకుంటున్నాడు. "దోస్తూ, నేను గూడ నిలబడ్డ. నువ్వు కోపం చెయ్యకు, ఏ?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. సబ్బు అడుక్కునేవాడు మెస్సు నడుపుతాడా! ఆ రోజు నుంచీ నేను ఓటర్లను గుంపులుగా తార్నాక చౌరస్తాలోని ఇరానీ హోటలుకు తోలుకుపోయాను. మనిషికొక నిండు చాయ్, ఖారీ బిస్కెట్లు. తాగుతున్నంతసేపూ ప్రజాస్వామ్యం గురించి చెప్పేవాణ్ణి. వాళ్ళు బుద్ధిగా తలలూపుతూ ఇంకో బిస్కెట్ తీసుకునేవాళ్ళు. జరన్న అదే హోటలుకు వచ్చేవాడు కానీ ఎవరికీ చాయ్ తాగించేవాడు కాదు. "అన్నా, నిండు చాయ్ నాతోని కాదు, జర నీదాంట్ల సగం పోయ్" అని ఎదుటివాడి చాయే సాసర్లో పోయించుకుని తాగి, "నాకు మాట్లాడుడు రాదు భై, నా దిక్కెంచి నువ్వే నలుగురికి చెప్పాలె" అనేసి పోయేవాడు. పాపం ఎంత దిగజారాడని జాలిపడ్డాను.

ఎన్నిక ముందు ఆదివారం భోజనాల హాల్లో అభ్యర్థుల ఉపన్యాసాలు. ముందురోజు జరన్న నా దగ్గర చేరి, "దోస్తూ, నీ అసొంటి తెలుగు మన హాస్టల్ల ఎవ్వనికి రాదు. నాకు గూడ జర రెండు ముక్కలు రాసియ్యరాదు" అన్నాడు. బుద్ధున్నవాడెవడైనా పొమ్మంటాడు. నేను పొంగిపోయాను. కూర్చుని రెండు ముక్కలు కాదు, నాలుగు పేజీలు రాశాను. రాస్తుంటే వేడెక్కి, నా కోసం దాచుకున్న మంచి మంచి మాటలన్నీ అందులోనే పోసేశాను. మరునాడు నా కోటు తొడుక్కుని (అదీ జర ఇమ్మన్నదే) వేదిక ఎక్కాడు. నాలుగు వాక్యాలు చదివి, 'సహపంక్తి భోజనమే సమతకు తొలి సోపానం' దగ్గర తడబడి ఆగిపోయాడు. హాలంతా గొల్లుమంది. ఇంకొకడైతే చచ్చిపోయేవాడు. జరన్న నింపాదిగా నా వైపు తిరిగి, "దోస్తూ, గిది నువ్వు రాసిందేనాయె. నేను చదివితే పాడైతున్నది, జర నువ్వే చదువరాదు" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ రోజు నా కథ వేరేగా ఉండేది. నా వాక్యాన్ని అలా ఖూనీ చేస్తుంటే భరించలేక పరుగున వెళ్ళి కాగితాలు లాక్కుని, చెయ్యెత్తి, గొంతు పెంచి, చివరిదాకా చదివేశాను. "సోదరులారా, నన్ను గెలిపించండి" అన్న చోట జరన్న వైపు వేలు కూడా చూపించాను. బల్లలు విరిగిపోయేలా చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే నా వంతు వచ్చింది. చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాట కూడా మిగల్లేదు.

ఎంత తేడాతో ఓడిపోయానో చెప్పను, అడగకండి. నా ఖర్చుతో అందరికన్నా ఎక్కువ చాయ్ తాగినవాణ్ణి పట్టుకుని, ఇదేం న్యాయమని నిలదీశాను. అతను ఏమాత్రం సిగ్గుపడకుండా, "నీ చాయ్ తాగిన, శుక్రియా చెప్పిన, అక్కడికి ఖతం. గా జరన్నకు నా ఛత్రి ఇచ్చిన భై! ఆడు ఓడిపోతే నా ఛత్రి ఓడినట్టు గాదా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయి, గదికొచ్చి రాజనీతి శాస్త్రం పుస్తకాన్ని పెట్టె అడుగున పడేశాను.

మర్నాడు పొద్దున్నే మా నాయన దిగాడు. సంచిలో కొత్త ఎర్రంచు కండువా. గెలిచిన కొడుకు భుజాన వెయ్యడానికి పనిగట్టుకుని కొన్నాడట. ఓడిపోయానని చెప్పే ముందు ఆయన చేత రెండు చాయ్‌లు తాగించాను. చివరికి చెప్తే, "అట్లనా" అని సంచి మూతి బిగించి, "మరెవ్వలు గెల్చిన్రు?" అన్నాడు. నా రేజరుతో గడ్డం గీసుకుంటున్న జరన్నను చూపించాను. అతను సబ్బు నురగ మొహంతోనే వచ్చి కాళ్ళు మొక్కి, నా వైపు తిరిగి, "దోస్తూ, ఇయ్యాల మెస్సుల కొత్త పొయ్యి ముట్టియ్యాలె. పెద్దోళ్ళు కొబ్బరికాయ కొడితే మంచిగుంటది. మా నాయిన నేను చిన్నగున్నప్పుడే పాయె. జర మీ నాయిన్ని ఇస్తవా?" అన్నాడు.

దువ్వెనిచ్చాను, కోటిచ్చాను, ఉపన్యాసమిచ్చాను. ఆఖరికి నాయనను కూడా చేబదులు అడిగాడు! కాదని ఎలా అనను? నేను ఔననేలోపే మా నాయన చెప్పులు తొడుక్కున్నాడు. వంటశాలలో ఆయనకు దండ వేశారు. ఎన్నడూ ఎవరి ముందూ కూర్చోని మనిషిని వార్డెన్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. కాయ ఒక్క దెబ్బకు సరిగ్గా రెండు చెక్కలైంది. అందరూ చప్పట్లు కొడితే, మా నాయన చంటిపిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వు నేను తెప్పించాల్సింది. అక్కడితో అయిపోలేదు. సంచిలోంచి ఎర్రంచు కండువా తీసి జరన్న భుజాన వేసి, "సెక్రెటరీవి గద బిడ్డా, నీకే ఒప్పుతది" అన్నాడు. జరన్న జీవితంలో అడక్కుండా దొరికిన వస్తువు బహుశా అదొక్కటే. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కళ్ళ డాక్టరు చూసి మందులు రాసిచ్చాక, సాయంత్రం సీతాఫల్‌మండి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కించడానికి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని కూడా మా నాయన ఆ పిల్లవాడి ముచ్చటే. చివరికి ఉండబట్టలేక, "నేనేం తక్కువ చేసిన నాయినా? నిన్నెప్పుడన్న సతాయించిన్నా? ఇది కావాలె, అది కావాలె అని ఒక్కనాడన్న అడిగిన్నా?" అన్నాను. ఆయన కిటికీలోంచి నా వైపు వంగాడు. "అదే గద బిడ్డా. నీకు నాతోని ఏం పని పడలే. పట్నమొచ్చినంక నువ్వే పెద్దోనివైనవ్. నేను నీ దగ్గరికి చుట్టమొచ్చినట్టు వస్తున్న, పోతున్న" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ నొచ్చింది.

గార్డు ఈల వేశాడు. ఏదో ఒకటి అడగాలి. ఏమడగాలో తోచదు, అడగడం అలవాటైతే కదా! బండి కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుని, "నాయినా, జర... ఓ నాలుగు దినాలు ఉండరాదు" అన్నాను. "అగో! గిది పొద్దున అడగొద్దారా? టికెటు దండుగాయె గద!" అని తిడుతూనే మా నాయన సంచి నా చేతుల్లోకి విసిరేసి, ప్లాట్‌ఫారం మీదికి దూకినంత పని చేశాడు.

తర్వాత జరన్న ఎన్ని ఎన్నికల్లో గెలిచినా గెలవనీయండి, నేను అడిగి గెలిచిన ఓటు అదొక్కటే. సంచి నెత్తిన పెట్టుకుని, ఛాతీ విరుచుకుని, క్యాంపస్ రోడ్డు మీద విజయోత్సవంలా నడిచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, వాడి సంతోషం హాస్టల్ గేటు దాకా కూడా నిలవలేదు. ముందు నడుస్తున్న మా నాయన ఆగి, వెనక్కి తిరిగి, "ఆ సెక్రెటరీ పిలగాడు రూముల ఉన్నడంటవా?" అని ఆశగా అడిగాడు.