మునస్వామి ఆనవాళ్లు

మా పక్కింటి సుజన, ఆమె మొగుడు మునస్వామి ఒకప్పుడు నగరిలో చీరలు నేసి బతికినవాళ్లు. ఆయన మగ్గం నేస్తే ఆమె నూలు కండెలకు చుట్టేది. మరమగ్గాలు వచ్చాక తిరుపతి చేరి, ఆయన సత్రంలో వాచ్‌మన్‌గా కుదిరాడు. ఈమధ్య ఆయనకు మతిమరుపు ముదిరింది. నయమవుతుందని కొండకు తీసుకుపోయి గుండు చేయించింది సుజన. తిరిగొచ్చి బస్టాండులో నీళ్లసీసా కొనేలోపు మనిషి మాయమయ్యాడు.

కూతురు మహిత ఫోన్లో ఏఐ చేత ప్రకటన రాయించి ఊరంతా పంపింది. ఏముందో తెలుసుకోనిదే నాకు కుదురుండదు, చదవమన్నాను.

“‘సౌమ్యులు, కుటుంబమే ప్రాణంగా జీవించిన మా ప్రియమైన తండ్రిగారు. తెల్ల పంచె, గుండు, నుదుట నామం...’”

“ఆపు పాపా! తిరప్తిలో గుండూ నామమూ ఉంటే సాలా? ఊర్లో సగంమంది మీ నాయనే గదా!”

“అది సక్కంగానే రాసింది పెద్దమ్మా.”

“రాసింది. ఎవురి నాయన గురించో!”

అన్నట్టే ఫోన్లు వచ్చాయి. వడమాలపేట అన్నారు, పుత్తూరన్నారు. సుజన పరుగెత్తేది. ప్రతిచోటా పరాయి ముసలాయనే. చివరికి నేను ఫోనులో రికార్డింగు నొక్కించి ఆమె నోటి దగ్గర పెట్టాను.

“నువ్వే సెప్పు. ఆయన్ని నువ్వెట్ట గుర్తుపడతావో అది సెప్పు.”

సుజన మొదలుపెట్టింది.

“మా ఆయన కూసుంటే కాళ్లు ఊరికే ఉండవప్పా. మగ్గం తొక్కినట్టు తొక్కతానే ఉంటాడు. అన్నం పెడితే, ‘నువ్వు తింటివా?’ అంటాడు. తినేసినా అని సెప్పండి. సెప్పకపోతే ఆయన ముట్టడు.”

“ఏఐకిచ్చి సరిచేయిస్తా,” అంది మహిత.

“ముట్టుకున్నావంటే సేతులు ఇరస్తా!” అన్నాను.

సుజన మాటల్ని అలాగే పంపాం. తెల్లారి గూడూరు స్టేషను నుంచి టీకొట్టాయన ఫోను చేశాడు.

“కాళ్లు తొక్కే పెద్దాయన మొన్న మా కొట్టు ముందరే ఉన్న్యాడమ్మా. మీరు ముందు పంపిన ప్రకటన నాకూ వచ్చింది, అందరి మాదిరే ఉండాదని వదిలేసినా. అన్నం పెడితే, నువ్వు తింటివా అన్న్యాడు. నవ్వి ఊరుకున్న్యా. పొట్లం అట్నే పెట్టేసి పొయినాడు. నిన్నట్నుంచి కనపళ్లేదు.”

మహిత ముఖం పాలిపోయింది. ముగ్గురం గూడూరు పోయాం. సుజన పట్టాల వెంబడి పేరు పెట్టి పిలుస్తూ పోతోంది. మద్రాసు బండి దిగినవాళ్లకు అడ్డం పడి మహిత, “మా నాయనన్నా... ఆయన... కాళ్లు...” అని మాట కూడక ఏడుస్తోంది. జనం ఆగి చివరిదాకా విన్నారు. చూడలేదమ్మా అన్నారు.